ఎడమ పక్క దీపం

మొన్న ఆదివారం నా మనవడు నన్ను చెయ్యి పట్టుకొని మెట్లు దింపి, ఇంటి కింద కారు పెట్టుకునే చోటు చూపించాడు. నిజామాబాదులో ఇల్లు కట్టేవాళ్ళు కింద బండికని ఇంత జాగా వదలడం ఇప్పుడు మామూలే గాని, మా వాడు అందులో సగం తన పనికని తీసుకున్నాడు. ఉద్యోగం బ్యాంకులో, సరదా మాత్రం పాత మోటారు సైకిళ్ళు విప్పి మళ్ళీ బిగించడం. అందుకని ఒక బల్ల చేయించి, పైకప్పంతా పొడుగాటి దీపాలు వరసలుగా పెట్టించి, అన్నీ ఒక్కసారే వెలిగించి, "చూడు బాపమ్మా, ఏడ నిలబడ్డా నీడ పడది," అని మురిసిపోయాడు.

నేను చెయ్యి చాపి చూసుకున్నాను. నిజమే, బల్ల మీద నా చేతికి నీడ లేదు. కూర్చునేది నువ్వొక్కడివే కదరా, ఇన్ని దీపాలు ఎవరికని అడగబోయి ఊరుకున్నాను. పొదుపు మాట ఎత్తితే ఈ కాలం పిల్లలు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, నేను అరవై ఏళ్ళుగా ఆ మాటలు అంటూనే ఉన్నాను. కాని ఆ పూట నీడ పడదన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. నీడను చూసుకొని బతికిన మనిషి ఒకడు మా ఇంట్లో ఉండేవాడని, ఆయన తన తాతేనని వాడికి తెలియదు. వాడు పుట్టేనాటికే ఆయన లేడు.

నా మెట్టినిల్లు బోధన్. పుట్టింది మోర్తాడు దగ్గర పసుపు పండించే పల్లెలో. రెండో తరగతి దాకా బడికి పోయాను. అక్షరాలు వచ్చాయి, కూడికలు వచ్చాయి, ఆడపిల్లకు చాలన్నాడు మా బాపు. తెలంగాణనూ ఆంధ్రనూ కలిపి ఒక్క రాష్ట్రం చేసిన ఏడే నేను కాపురానికి వచ్చాను. ఆ రోజుల్లో బోధన్‌లో ఉన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఊరంతా చక్కెర ఫ్యాక్టరీ భోంగ, అదే సైరన్ కూత, మీదనే నడిచేది. భోంగ మోగితే ఎసరు పెట్టడం, మళ్ళీ మోగితే అన్నం కట్టడం. చలికాలం వస్తే చెరుకు బండ్లు రోడ్డు పొడుగునా బారులు తీరేవి, ఆరవేసిన బట్టలకు కూడా చెరుకు మడ్డి వాసన పట్టేది.

మా ఇంటాయన ఫ్యాక్టరీకి పోయేవాడు కాదు. ఇంటి పక్కనే రేకుల కొట్టం వేసుకొని ఆయిల్ ఇంజన్లు బాగు చేసేవాడు. బావుల మీద నీళ్ళు తోడే ఇంజన్లు, బెల్లం వండేచోట చెరుకు గానుగలు తిప్పే ఇంజన్లు. ఎడ్లబండి మీద తాళ్ళతో కట్టి తెచ్చి దించితే, అది మళ్ళీ దుక్‌దుక్‌మని మోగేదాకా ఆయన అన్నం అడిగేవాడు కాదు. మాటలు తక్కువ. పెళ్ళయిన కొత్తల్లో ఈ మనిషి నాతో మాట్లాడడేమని అనుకునేదాన్ని, తర్వాత తెలిసింది ఇంజన్లతో తప్ప ఎవరితోనూ మాట్లాడడని.

మా పెద్దవాడు పాకుతున్న రోజుల్లో ఒక పొద్దున, ఇంజను చక్రంలో ఇరుక్కుపోయిన ఇనుప చీలను ఉలి పెట్టి సుత్తెతో కొడుతుంటే, ముక్క ఒకటి చిట్లి ఆయన కుడి కంట్లో పడింది. నిజామాబాదు దవాఖానకు తీసుకుపోయాం. ప్రాణానికి భయం లేదన్నారు గాని, ఆ కన్ను దక్కలేదు.

"ఒకటి పోతే ఏమాయె కొడుకా, ఇంకోటి ఉండె కద," అని మా అత్త ధైర్యం చెప్పింది. మేమందరం అట్లాగే అనుకున్నాం. ఒక్క కంటితో సగమే కనిపిస్తుందేమో, తల కొంచెం తిప్పుకుంటే సరిపోతుందేమో అనుకున్నాం. అసలు సంగతి ఆయన ఇంటికి వచ్చాక తెలిసింది. చెంబుతో గ్లాసులో నీళ్ళు పోసుకోబోతే నీళ్ళు గ్లాసు పక్కన పడేవి. గడప ఇంకా దూరముందనుకొని తన్నుకునేవాడు. వస్తువు కనిపించేది, అది ఎంత దూరంలో ఉందో తెలిసేది కాదు. కొట్టంలోకి పోయి బోల్టు మీద నట్టు పెట్టబోతే నట్టు గాలిలో తిరిగేది. స్క్రూడ్రైవర్ మొన గాడి పక్కన దిగి చెయ్యి గీరుకునేది. ఒకటి రెండుసార్లు రైతుల ముందే ఇది జరిగింది. మా రైతులు మంచివాళ్ళు, మొహం మీద ఏమీ అనరు. మళ్ళ వస్తం అన్న అని బండి తిప్పుకొని, ఇంజనును నిజామాబాదుకు తీసుకుపోయేవాళ్ళు.

కొట్టం ఖాళీగా ఉందని తెలిసి బెల్లం వ్యాపారి ఒకాయన కిరాయికి అడిగాడు. మా ఇంటాయన అవుననలేదు, కాదనలేదు. ఆ సాయంత్రం నాతో మాత్రం అన్నాడు: "చెరుకు గానుగలు మొదలయ్యేదాక చూస్త. అప్పటికి గూడ చేతకాకపోతే కొట్టం ఆయనకిచ్చి, యాడ్నన్న గేటు కాడ కూసుంట." గేటు దగ్గర కావలి కూర్చోవడం తప్పు పని కాదు, ఎవరి బతుకు వాళ్ళది. కాని ఆ మాట అంటున్నప్పుడు ఆయన చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకొని కూర్చున్న తీరు చూస్తే, ఆ చేతులు ఎవరివో అన్నట్టున్నాయి. పెళ్ళయ్యాక ఆ చేతులు ఊరికే ఉండగా చూడటం అదే మొదలు.

మా తమ్ముడు అప్పుడు నిజామాబాదులో కరెంటు పని చేసేవాడు. మా వీధికి కరెంటు వచ్చింది అప్పుడప్పుడే. బావకు చూపు తగ్గిందని విని వాడు ఊరుకోలేక, తీగలు, బుగ్గలు భుజాన వేసుకొని బస్సెక్కి వచ్చాడు. అప్పట్లో మా వైపు బల్బును బుగ్గ అనేవాళ్ళం. ఒక కన్ను పోయిన మనిషికి అందరికన్నా ఎక్కువ వెలుగు కావాలని వాడి లెక్క. మా అందరిదీ అదే లెక్క. దీపమంటే ఇంటికి నడుమ ఉండాలని పెద్దలు కందిలిని దూలానికి తగిలించేవాళ్ళు కదా, అట్లాగే ఒక బుగ్గ నడిమి దూలానికి, ఇంకో రెండు మూలలకు పెట్టి, మూడింటికీ కలిపి ఒక్క స్విచ్చి పెట్టాడు. వెలిగించేసరికి మా అత్త దండం పెట్టుకుంది. కొట్టంలో సూది పడినా ఏరుకోవచ్చు, అంత వెలుగు.

ఆ వెలుగులో ఆయనకు పని ఇంకా చెడింది. మూడు వైపుల నుంచి వెలుగు పడి ప్రతి వస్తువుకూ మూడు పలచని నీడలు, నడిమి బుగ్గ కింద వంగితే తన తల నీడ. రెండు కళ్ళున్న మనకు అవేవీ పట్టవు. ఆయన నట్టు పెట్టబోతే ఆ నీడలన్నీ కలగాపులగమై, సుత్తె దెబ్బ బొటనవేలి మీద పడింది. బావమరిది ప్రేమతో చేసిన పని కాబట్టి పల్లెత్తు మాట అనలేదు. తమ్ముడు బస్సెక్కి పోయినాక వేలికి తడిగుడ్డ చుట్టుకొని, "ఇంత వెలుగుల గూడ కానప్పుడు ఇగ కాదు," అన్నాడు. అదీ మేము చేసిన మేలు. ఇంక చీకటినో దీపాన్నో తప్పు పట్టే వీలు కూడా లేకుండా పోయింది ఆయనకు.

ఆ వారంలోనే ఒక మునిమాపు వేళ కరెంటు పోయింది. ఆయన బల్ల ముందు ఊరికే కూర్చొని ఉన్నాడు. నేను ఒక చంకన పిల్లవాణ్ణి ఎత్తుకొని, ఇంకో చేత్తో గ్యాసునూనె కందిలి, అదే కిరోసిన్ లాంతరు, పట్టుకొని వచ్చాను. దూలానికి తగిలించాలంటే రెండు చేతులు కావాలి, అందుకని బల్లకు ఎడమ చివరన ఉన్న డబ్బా మీద పెట్టి వెళ్ళబోయాను. వెనక నుంచి టిక్కుమని ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు వినపడింది. తిరిగి చూస్తే ఆయన నట్టు పెట్టాడు. తీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తీశాడు. నేను కందిలి సరిచేద్దామని చెయ్యి చాపితే, "ముట్టకు. గక్కడ్నే ఉండనియ్యి," అన్నాడు. ఆ గొంతు విని చాలా రోజులైంది.

కొంచెం సేపటికి నన్ను పిలిచి చూపించాడు. దీపం ఒక్కటే ఉండి పక్క నుంచి పడుతుంటే స్క్రూడ్రైవర్‌కు ఒక్కటే నీడ, నల్లగా, పొడుగ్గా పడుతుంది. మొన గాడికి దూరంగా ఉంటే మొన ఒకచోట, నీడ మొన ఒకచోట. కిందికి దించుతుంటే ఆ రెండూ దగ్గరికి వస్తాయి. రెండూ కలిసినచోట ఇనుము ఇనుముకు తగులుతుంది. దూరమెంతో కన్ను చెప్పకపోతే నీడ చెబుతుందన్నమాట. నేను కూడా ఒక కన్ను మూసుకొని చేసి చూశాను. ఆయన చెప్పింది నిజం.

ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం దీపాలు పెట్టే వేళ మొదలుపెట్టి అన్నాల వేళ దాకా మాకు అదే పని. కందిలి ఎక్కడ ఉంటే ఏ పనికి బాగుంటుందో చూడటం. ఆయన బల్ల ముందు, నేను కందిలి పట్టుకొని గోడ పక్కన. కొంచెం కిందికి, కొంచెం ముందుకు, ఆగు. నచ్చినచోట నేను గోడ మీద బొగ్గుతో గీత పెట్టేదాన్ని. కుడి పక్కన పెడితే ఆయన చేతి నీడే పని మీద పడింది, కాబట్టి ఎడమ పక్కన. మరీ పైకెత్తితే నీడ కురచైపోయింది, మరీ కిందికి దించితే బల్ల దాటిపోయింది, కాబట్టి కూర్చున్న మనిషి చెవి ఎత్తున. ఉన్న ఒక్క కన్నూ ఎడమదే, దీపం నేరుగా దాంట్లో కొట్టకూడదు, కాబట్టి వనస్పతి డబ్బాను నిలువునా కోసి దీపానికి చాటు పెట్టాం. బల్ల నూనె మరకలతో నల్లగా ఉండి నీడ ఆనేది కాదు, అందుకని ఒక చెక్కకు తెల్లగా సున్నం వేసి బల్ల మీద పరిచాం. వారానికొకసారి దానికి సున్నం వేయడం నా పని. సున్నం ముగ్గుకూ గోడకూ వేయడం ఎరుగుదుం గాని, పనిబల్లకు వేసినవాళ్ళం మేమే అయి ఉంటాం.

పగటి సంగతి ఇంకా తమాషా. కొట్టానికి ఎదురెదురుగా రెండు కిటికీలు. రెండు వైపుల వెలుతురు కలిసి నీడను తినేస్తున్నదని, ఆయన కుడివైపు కిటికీకి గోనెసంచి కొట్టేశాడు. ఇక వీధిలో మాటలు మొదలయ్యాయి. కన్ను పోయినోడు కిటికి గూడ మూసుకుండు అని ఒకరు, కరెంటు పెట్టుకొని కందిలి ముట్టిస్తుండ్రు, మతి గూడ పోయినట్టుంది అని ఒకరు. మా అత్తకు బయటివాళ్ళ మాటలకన్నా సంచి మీదనే కోపం. "నీ కన్ను పోయిందని ఇల్లు గూడ కండ్లు మూసుకోవాల్నారా?" అంది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. నవ్వాడని ఆమె కూడా ఊరుకుంది.

నా బాధ వేరే ఉండేది. కరెంటు తీసుకొని గ్యాసునూనె కాల్చడం నాకు మింగుడుపడేది కాదు. అట్లాగని ఆ బుగ్గలు విప్పలేం. తల్లిగారింటి నుంచి వచ్చిన వస్తువును మెట్టినింట్లో తీసి పక్కన పెట్టడమంటే తెలుసు కదా, ఆ మాట పల్లె దాకా పోతే మా బాపు తలెత్తుకోగలడా? ఆయనకూ ఆ పట్టింపే. బావమరిది మనసు నొచ్చుకుంటుందని, రెండింటిని చేత్తో తిప్పి వదులు చేసి ఒక్కటే వెలిగించుకోవడానికి కూడా ఒప్పుకోలేదు. మూడు బుగ్గలూ పైన అట్లా వేలాడుతూనే ఉన్నాయి, కింద కందిలి వెలుగుతూనే ఉంది.

చెప్పా పెట్టకుండా ఒకరోజు తమ్ముడు రానే వచ్చాడు. కరెంటు ఉంది. బుగ్గలు మూడూ చీకటిగా ఉన్నాయి. వాడి మొహం మాడిపోయింది.

"గదేంది బావా, నేను పెట్టిన బుగ్గలు కంటికి ఆనలేదా? తల్లిగారి సొమ్మని ముట్టొద్దనుకున్నరా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపల మా ఇంటాయన లేచి, తన తువ్వాలుతో వాడి కుడి కన్ను కట్టి, మూడు బుగ్గలూ వెలిగించి, చేతికి బోల్టూ నట్టూ ఇచ్చాడు. వాడు తిప్పలు పడ్డాడు, నట్టు జారి కింద పడింది. "అరె, నా చేతికేమొచ్చింది?" అని వాడే నవ్వాడు. అప్పుడు బుగ్గలు ఆర్పేసి, కందిలి దగ్గర కూర్చోబెట్టి, నీడను చూడమని చెప్పాడు. వాడు చూశాడు. కాసేపటికి నట్టు కూర్చుంది. తువ్వాలు విప్పుకొని నట్టును ఇంకోసారి తిప్పి చూశాడు. తర్వాత, "నాకొక్క మాట చెప్తె అయిపోవు కద అక్కా. గిన్ని దినాలు కందిలి ముట్టిస్తరా," అని నన్ను కోప్పడ్డాడు.

మర్నాడు వాడే నిచ్చెన వేసుకొని తీగలు విప్పాడు. నా బొగ్గు గీతలు చూసుకుంటూ ఎడమ గోడకు మేకులు కొట్టి, ఒక బుగ్గకు పొడుగు తీగ ఇచ్చి, ఏ పనికి ఏ మేకు కావాలంటే ఆ మేకుకు తగిలించుకునేట్టు చేశాడు. మిగతా రెంటిలో ఒకటి వంటింట్లో పెట్టాడు, ఇంకొకటి మా అత్త బియ్యం ఏరుకునే చోట. తల్లిగారి సొమ్ము గడప దాటలేదు, మా అత్త బియ్యంలో రాళ్ళు దొరికాయి, కందిలి మేకుకెక్కింది.

గానుగలు మొదలయ్యే రోజులు దగ్గర పడ్డాయి. బెల్లం వ్యాపారి మళ్ళీ వచ్చి కొట్టం కొలతలు చూసుకొని పోయాడు. ఆ వారం ఒక క్యాంపు నుంచి పెద్దరైతు తన గానుగ ఇంజనును బండి మీద వేసుకొని వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్నవాళ్ళ ఊళ్ళను మేము క్యాంపులనేవాళ్ళం. ఆయన నిజామాబాదుకే పోతున్నాడు; బండి ఇరుసు మా వీధి మలుపులో విరిగి ఇక్కడ ఆగాడు, అంతే. మా మీద నమ్మకం ఉండి కాదు. చెరుకు కొట్టి కుప్ప వేసి ఉంది, ఎండిపోతే రసం రాదు, ఆ ఆత్రం మొహంలో కనిపిస్తూనే ఉంది. మా ఇంటాయన కన్ను చూసి వెనకాడాడు. అయినా వేరే దారి లేక ఇంజను కొట్టంలోకి దింపించాడు.

మా ఇంటాయన ఇంజను విప్పాడు. విప్పడం ఎవరైనా విప్పుతారు. లోపల చిన్న చిన్న స్ప్రింగులు, గుండుసూది తలంత రంధ్రాలు. ఒక్కటి పక్కకు పెట్టినా ఇంజను పనికిరాదు. నేను పిల్లవాణ్ణి మా అత్తకిచ్చి గుమ్మంలో నిలబడ్డాను. క్యాంపు పెద్దాయన ఆత్రం ఆపుకోలేక బల్ల మీదికి వంగి చూస్తున్నాడు.

"ఇంత పెద్ద షెడ్డులో దీపం ఒకటేనా అమ్మా? బిల్లెక్కువొస్తుందని భయమా?" అన్నాడు.

"ఒక్కటే ఉండాలె పెద్దాయనా. నువ్వు జర ఇటు జరుగు, నీ తలకాయ నీడ పనిల పడుతున్నది," అన్నాను.

"ఓరినాయనో, మీ ఊళ్ళో నీడక్కూడా జాగా చూసుకోవాలా," అని గొణుక్కుంటూ జరిగాడు. బోధన్ చుట్టుపక్కల అంత పెద్దరైతును పక్కకు జరగమనగలిగినవాళ్ళు తక్కువ. కాని ఆ క్షణంలో ఆయన భూమి నాకు గుర్తు లేదు. మా ఇంటాయన చేతులు మాత్రమే కనిపిస్తున్నాయి. ఒక్కో స్ప్రింగును చిమటాతో పట్టుకొని, తెల్లచెక్క మీద దాని నీడను చూసుకొని, నీడ వెంబడి దించి, తగిలాక వదలడం. తొందర లేదు, తడబాటు లేదు. కొత్తగా అక్షరాలు దిద్దే పిల్లవాడిలాగా రోజూ సాయంత్రాలు కూర్చొని నేర్చుకున్న విద్య అది. నేను ఎవరినీ ఊరికే మెచ్చుకునే రకం కాదు, మా ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. ఆ పూట గుమ్మంలో నిలబడి ఆ మనిషిని చూస్తుంటే నా పెళ్ళినాడు కూడా రాని గర్వం వచ్చింది.

చక్రం తిప్పాడు. ఒకసారి పొగ మాత్రమే వచ్చింది. రెండోసారి తిప్పితే దుక్‌దుక్‌మని రేకులు అదిరేలా మోగింది. మా పెద్దవాడు జడుసుకొని ఏడ్చాడు. క్యాంపు పెద్దాయన పై కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. ఇరుసు బాగు చేయించుకొని ఇంజను తీసుకుపోయి, ఆ సీజనంతా తన క్యాంపులో చెడిన ప్రతి ఇంజనునూ మా కొట్టానికే తోలించాడు. బెల్లం వ్యాపారి మళ్ళీ వచ్చినప్పుడు మా అత్తే ఎదురుపోయి, "మా కొట్టంల జాగ లేదు నాయనా, ఇంజన్లకే సాలుతలేదు," అని పంపేసింది.

ఆ తర్వాత ఆయన చాలా ఏళ్ళు పని చేశాడు. డెబ్బైల్లో ట్రాక్టర్లు వస్తే వాటినీ నేర్చుకున్నాడు. ఊరంతా ట్యూబులైట్లు వచ్చాక తమ్ముడు ఒకటి తెచ్చి చూపిస్తే, "దీని నీడ నీళ్ళు కలిపిన పాల లెక్కుంది," అని వద్దన్నాడు. పరాయి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు ఆయనకు ఒక్క కన్నేనని పక్కవాళ్ళు చెబితే తప్ప తెలిసేది కాదు. ఆయన పోయిన రోజున వచ్చినవాళ్ళందరూ ఆ చేతి పనితనం గురించి చెప్పుకున్నారు. ఆ సాయంత్రాల సంగతి వాళ్ళెవరికీ తెలియదు, నేనూ చెప్పలేదు.

కొట్టం ఉన్నచోట ఇప్పుడు దుకాణాలు వచ్చాయి. నీళ్ళ మోటార్లు చెడితే కొత్తవి కొనుక్కుంటున్నారు. మీట నొక్కితే ఏ మూలకు పోయినా పట్టపగలు. మంచిదే, పిల్లల కళ్ళు బాగుండాలి. కాని మా కాలపు ఆడవాళ్ళకు ఈ మాట అర్థమవుతుందని రాస్తున్నాను. ఆ మనిషి జన్మంతా నాతో మాట్లాడిన మాటలన్నీ కూడితే, అందులో సగం ఆ కొద్ది నెలల సాయంత్రాలవే: కొంచెం కిందికి, కొంచెం ముందుకు, ఆగు, గక్కడ్నే ఉండు. చెయ్యి గుంజేది, గ్యాసునూనె వాసన ముక్కుకెక్కేది, కందిలి దించుతానని నేనెప్పుడూ అనలేదు. ఇప్పుడు ఇంటినిండా దీపాలున్నాయి. దీపం పట్టుకొని పక్కన నిలబడమని అడిగేవాళ్ళే ఎవరూ లేరు.